మీ రెండో క్లయింటు బ్యాంకే

ప్రశ్న: మాది గుంటూరు. హైదరాబాద్‌లో లా చదివి, ఇంగ్లండ్ వచ్చాక సొలిసిటర్‌గా క్వాలిఫై అయ్యాను. ఆరేళ్లు ఒక పెద్ద సంస్థలో ఇళ్ల కొనుగోళ్ల పనే చూశాను. నిరుడు ఇంకో సొలిసిటర్‌తో కలిసి రెడింగ్‌లో సొంతంగా లిమిటెడ్ కంపెనీ పెట్టాం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు ఐటీ కుటుంబాలే. చిన్న బ్యాంకులు, ఇళ్ల లోన్లిచ్చే బిల్డింగ్ సొసైటీలు కొన్ని మమ్మల్ని తమ ప్యానెల్‌లోకి, అంటే తమ లోన్ల పని చేయనిచ్చే సొలిసిటర్ల జాబితాలోకి తీసుకున్నాయి. పెద్ద బ్యాంకుల్లో ఒకటి మాకు సీక్యూఎస్ అనే నాణ్యతా గుర్తింపు లేదని కాదంది. ఇంకొకటి కారణం కూడా చెప్పలేదు. తీసుకున్నవాటిలోనే ఒకటి, ఏడాదిగా మీ నుంచి ఒక్క ఫైలూ రాలేదు కాబట్టి పేరు తీసేస్తామని ఉత్తరం పంపింది. ఈలోగా ఒక జంట, మేం ప్యానెల్‌లో లేని బ్యాంకు ఇచ్చిన మార్ట్‌గేజ్ ఆఫర్ పట్టుకుని వచ్చారు. మూడు నెలల్లో మా పార్ట్‌నర్ ప్రసూతి సెలవు మీద వెళ్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ప్యానెల్‌లో చేర్చుకోవడానికి అసలు ఏం చూస్తారు? చేరాక నిలబడటం ఎలా? బ్యాంకులో తెలిసినవాళ్లతో చెప్పిస్తే పని జరుగుతుందా?

ఒక పాఠకురాలు, రెడింగ్

సమాధానం: అమ్మా, ముందు ఆఫర్ పట్టుకుని వచ్చిన ఆ జంట సంగతి చూద్దాం. మిగతావన్నీ నెలలు పట్టే పనులు, వాళ్లది ఈ వారమే తేలాల్సిన పని.

వాళ్ల ముందు మూడు దార్లున్నాయి. బ్యాంకు తన తరఫున వేరే సొలిసిటర్‌ని పెట్టుకుంటే, మీరు కొనుగోలుదారుల తరఫున మాత్రమే పని చేయవచ్చు. దీనికోసమే బ్యాంకుల సంఘం యూకే ఫైనాన్స్ వారి మార్ట్‌గేజ్ లెండర్స్ హ్యాండ్‌బుక్‌లో (సొలిసిటర్లకు బ్యాంకులిచ్చే సూచనల పుస్తకంలో) మూడో భాగం ఉంది. కాకపోతే ఆ రెండో సొలిసిటర్ ఫీజు కూడా సాధారణంగా మీ క్లయింట్ల నెత్తిమీదే పడుతుంది. ప్రతి కాగితం ఇద్దరి చేతులు మారాలి గనక ఆలస్యమూ తప్పదు. పైగా అన్ని బ్యాంకులూ దీనికి ఒప్పుకోవు. రెండోది, బ్రోకరుతో మాట్లాడి మీరు ప్యానెల్‌లో ఉన్న బ్యాంకుకు మారడం. వడ్డీ రేటు పోవచ్చు, వాల్యుయేషన్ మళ్లీ చేయించాలి. మూడోది, ఆ బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న సంస్థకు వాళ్లని పంపేయడం. నన్నడిగితే మూడోదే చేయండి. ఈ మూడింటినీ ఇవాళే ఈమెయిల్‌లో రాసి పంపండి, నిర్ణయం వాళ్లకే వదలండి. ఫీజు పోతుందనే బాధ నాకు తెలుసు. కానీ ఇద్దరు సొలిసిటర్ల మధ్య నలిగిపోయి, నెల రోజులు ఆలస్యంగా తాళాలు అందుకున్న కుటుంబం మీ గురించి నలుగురికీ ఏం చెబుతుందో ఆలోచించండి.

ఇకమీదట ఫోన్‌లో ఫీజు ఎంతో చెప్పేముందే "లోన్ ఏ బ్యాంకుది?" అని అడగండి. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి కూడా ఇదే నేర్పండి.

ఇక తెలిసినవాళ్లతో చెప్పించే విషయం. పనికిరాదు. బ్రాంచి మేనేజరుకు ప్యానెల్ మీద ఏ అధికారమూ ఉండదు. ఆ నిర్ణయం ప్రధాన కార్యాలయంలో, రిస్కు చూసే విభాగం చేతిలో ఉంటుంది. వాళ్లకు మీరు ఎవరి బంధువో అక్కర్లేదు. మీ ఖాతాలోకి వాళ్ల డబ్బు పంపితే అది క్షేమంగా ఉంటుందా, ఇంటి మీద తాకట్టు సరిగ్గా రిజిస్టర్ అవుతుందా, ఈ రెండే వాళ్లకు కావాలి.

ఇది చదివే ఇతర పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హోమ్ లోన్ తీసుకుంటే బ్యాంకు ప్యానెల్ అడ్వొకేట్ లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి లీగల్ ఒపీనియన్ ఇస్తారు. ఆయన బ్యాంకు మనిషి. లోన్ డబ్బు ఆయన చేతికి రాదు, చెక్కో డీడీనో నేరుగా అమ్మేవారికి వెళ్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో పద్ధతి వేరు. మామూలు ఇంటి కొనుగోలులో ఒకే సొలిసిటర్ కొనేవారికీ బ్యాంకుకూ ఇద్దరికీ పని చేస్తారు. టైటిల్ బాగుందని సర్టిఫికెట్ ఆఫ్ టైటిల్ మీద సంతకం చేసి బ్యాంకుకు పంపితే, లోన్ మొత్తం ఆ సొలిసిటర్ క్లయింట్ల డబ్బు ఉంచే క్లయింట్ అకౌంట్‌లోకి వచ్చి పడుతుంది. ఇద్దరు మనుషులున్న చిన్న ఆఫీసు ఖాతాలోకి ఒక శుక్రవారం పొద్దున్నే ఐదు లక్షల పౌండ్లు రావడం అక్కడ రోజువారీ విషయం. ఎవరి ఖాతాలోకి అలా పంపవచ్చో బ్యాంకు ముందే తేల్చి పెట్టుకున్న జాబితానే ప్యానెల్.

అందుకే పెద్ద బ్యాంకులు అప్పుడప్పుడూ ఆ జాబితాను ఒక్కసారిగా కత్తిరించేస్తుంటాయి. 2012 జనవరిలో హెచ్ఎస్‌బీసీ తన ప్యానెల్‌ను 43 సంస్థలకు కుదించింది. దేశం మొత్తానికి 43. వీధి చివర చిన్న ఆఫీసులు నడుపుకునే సొలిసిటర్లు లబోదిబోమన్నారు. విమర్శలు గట్టిగా వచ్చాక బ్యాంకు తలుపులు మళ్లీ తెరిచింది. మన పనికి చట్టపరమైన అనుమతి సొలిసిటర్లను నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ నుంచి వచ్చినా, పని మాత్రం బ్యాంకు చేతిలో ఉందని ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది. క్లయింట్ల డబ్బు 6 కోట్ల పౌండ్లకు పైగా కనిపించకుండా పోయిందని బయటపడ్డాక, 2023 అక్టోబరులో ఆక్సియమ్ ఇన్స్ అనే సొలిసిటర్ల సంస్థను ఎస్‌ఆర్‌ఏ మూయించింది. అలాంటివి చూశాక ఏ బ్యాంకైనా కొత్త దరఖాస్తును అనుమానంగానే చూస్తుంది. మీ తప్పేమీ లేకపోయినా ఆ భారం మీ మీద కూడా పడుతుంది.

చేరడానికి ఏం చూస్తారో చెబుతాను. ఎస్‌ఆర్‌ఏ అనుమతి ఉందా, ఎవరిమీదైనా క్రమశిక్షణ చర్యలున్నాయా అన్నది మొదటి వడపోత. తర్వాత ఎంతమంది మేనేజర్లు, అంటే పార్ట్‌నర్లు లేదా డైరెక్టర్లు ఉన్నారన్నది. ఒక్కరే నడిపే ఆఫీసును కొన్ని బ్యాంకులు అసలే తీసుకోవు, కొన్ని అదనపు షరతులు పెడతాయి. మీరు ఇద్దరుండటం మీకు పెద్ద బలం, దీని గురించి చివర్లో మళ్లీ చెబుతాను. ఇన్సూరెన్స్ మూడోది. లిమిటెడ్ కంపెనీకి ఒక్కో క్లెయిముకు కనీసం 30 లక్షల పౌండ్ల కవర్ ఉండాలని ఎస్‌ఆర్‌ఏ నియమం. మామూలు పార్ట్‌నర్‌షిప్‌కు అది 20 లక్షలు. మీకు ఇది ఉండే ఉంటుంది, లేకుంటే తెరవనిచ్చేవారే కాదు. కానీ మీరు ఒక ఇంటికి 12 లక్షల లోన్ మీద సంతకం చేసే సంస్థ, అలాంటి ఫైళ్లు ఒకేసారి పదిహేను నడుస్తున్న సంస్థ అనుకోండి, ఆ కనీసం సరిపోతుందా అని బ్యాంకు అడగవచ్చు. క్లెయిముల చరిత్ర కూడా అడుగుతారు. మీ కంపెనీ కొత్తది కాబట్టి, మీరిద్దరూ ఇంతకుముందు పని చేసినచోట ఎన్ని ఫైళ్లు స్వయంగా పూర్తి చేశారో, ఎవరి పర్యవేక్షణలో చేశారో రాసి సిద్ధంగా పెట్టుకోండి. కొత్త కంపెనీకి చరిత్ర ఉండదు, మనుషులకు ఉంటుంది.

సీక్యూఎస్ సంగతికొస్తే, అది లేకుండా పెద్ద బ్యాంకుల దగ్గరికి వెళ్లడం ఈ రోజుల్లో శుద్ధ దండగ. ఈ కన్వేయన్సింగ్ (ఇళ్ల కొనుగోళ్ల లీగల్ పని) క్వాలిటీ స్కీమ్‌ను సొలిసిటర్ల సంఘం లా సొసైటీ 2011లో మొదలుపెట్టింది. మొదట్లో ఇది సొలిసిటర్లు తమకు తాము ఇచ్చుకునే బిరుదులా ఉందని అనుకున్నవారున్నారు. బ్యాంకులు దాన్ని గేటు పాస్‌గా వాడటం మొదలుపెట్టాక ఆ మాటలు ఆగిపోయాయి. ఎస్‌ఆర్‌ఏ కింద ఉన్న సంస్థలకు సీక్యూఎస్ తప్పనిసరి అని పలు పెద్ద బ్యాంకులు తమ షరతుల్లోనే రాసుకున్నాయి. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ల సంస్థలకు వేరే నియంత్రణ సంస్థ ఉంది గనక వాళ్లకు ఈ అవసరం లేదు.

సీక్యూఎస్ దరఖాస్తును ఫారం నింపడంగా చూడకండి. 2019లో వాళ్లు ఆఫీసు నడిపే ప్రమాణాలను కొత్తగా రాశారు. ఫైలు ఎవరు పర్యవేక్షిస్తారు, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో ఎలా పరిశీలిస్తారు, తప్పు జరిగితే ఎక్కడ నమోదు చేస్తారు, ఇవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. సంస్థలో ఒకరు బాధ్యతగల అధికారిగా పేరు ఇవ్వాలి, పని చేసేవాళ్లందరూ వాళ్ల శిక్షణ పూర్తి చేయాలి, ఏటా మళ్లీ గుర్తింపు తెచ్చుకోవాలి. ఇంటర్నెట్‌లో అమ్మే రెడీమేడ్ పాలసీ డాక్యుమెంట్లు కొని పేరు మార్చి పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు పాలసీ చదివి ఊరుకోరు, ఒక ఫైలు తీయమని అడిగి, పాలసీలో రాసింది ఆ ఫైలులో జరిగిందా అని చూస్తారు. మీరిద్దరూ ఒక ఆదివారం కూర్చుని, మీ ఆఫీసులో నిజంగా జరిగేదే రాయండి. మూడు పేజీలైనా పర్వాలేదు.

దాని తర్వాత లెండర్ ఎక్స్చేంజ్. ఇది పలు పెద్ద బ్యాంకులు ఉమ్మడిగా వాడే పోర్టల్. మీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, మేనేజర్ల వివరాలు, క్లయింట్ అకౌంట్ నంబరు అన్నీ అందులో ఒకసారి పెడితే బ్యాంకులు అక్కణ్నుంచి చూసుకుంటాయి. ఏటా రుసుము కట్టాలి. అందులో పేరు నమోదైనంత మాత్రాన ఏ ప్యానెల్‌లోనూ చేరినట్టు కాదు, ప్రతి బ్యాంకూ విడిగా నిర్ణయం తీసుకుంటుంది. దరఖాస్తు చేసేముందు యూకే ఫైనాన్స్ వెబ్‌సైట్‌లో హ్యాండ్‌బుక్ రెండో భాగం తెరిచి, ఆ బ్యాంకు పేరు కింద ఏం రాసుందో చదవండి. మొదటి భాగం అందరికీ ఉమ్మడి, రెండో భాగం ఒక్కో బ్యాంకుదీ విడివిడిగా ఉంటుంది. ఎవరికైనా ఉచితంగా చదువుకునే వీలుంది. కొన్ని చిన్న బిల్డింగ్ సొసైటీలు ఈ హ్యాండ్‌బుక్ కాకుండా బిల్డింగ్ సొసైటీస్ అసోసియేషన్ వారి సూచనలు వాడతాయి, అది కూడా గమనించుకోండి. రీమార్ట్‌గేజ్‌కు (ఉన్న లోన్‌ను కొత్త లోన్‌తో మార్చుకోవడానికి) "లీగల్ ఫీజు ఉచితం" అని బ్యాంకులు ఇచ్చే పని మాత్రం వేరే ప్రపంచం. అది బ్యాంకుల తరఫున ప్యానెళ్లు నడిపే కంపెనీల ద్వారా పెద్ద సంస్థలకు గంపగుత్తగా వెళ్తుంది. దాని వెంట పడకండి.

వరస ఇలా పెట్టుకోండి: ముందు సీక్యూఎస్, తర్వాత పోర్టల్, తర్వాత మీ క్లయింట్లు ఎక్కువగా తెచ్చే రెండు బ్యాంకులు. ఒకేసారి పన్నెండింటికి దరఖాస్తు పెట్టొద్దు. మీకు ఇప్పుడు వచ్చిన "ఒక్క ఫైలూ రాలేదు" ఉత్తరం అలాంటి తొందర వల్ల వచ్చేదే.

నిలబడటం గురించి ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే కొత్తగా ఆఫీసు పెట్టినవాళ్లు శక్తినంతా చేరడం మీదే పెడతారు, పేరు తీసేసేది మాత్రం ఆ తర్వాత జరిగినదాన్ని చూసి.

లా చదివేవాళ్లందరికీ తెలిసిన పాత కేసు ఒకటుంది, బ్రిస్టల్ అండ్ వెస్ట్ బిల్డింగ్ సొసైటీ వర్సెస్ మోథ్యూ. 1988లో ఒక జంట 73,000 పౌండ్ల ఇల్లు కొన్నారు. సొసైటీ 59,000 ఇచ్చింది. మిగతా సొమ్ము వాళ్లు ఇంకెక్కడా అప్పు చేయకుండా సొంతంగా తేవాలన్నది షరతు. వాళ్లు మాత్రం పాత బ్యాంకు బాకీ 3,350 పౌండ్లకు కొత్త ఇంటి మీద రెండో తాకట్టు పెట్టేందుకు ఒప్పుకున్నారు. సొలిసిటర్‌కు ఆ సంగతి చెప్పారు కూడా. సొసైటీకి రిపోర్ట్ రాసేటప్పుడు ఆయన దాన్ని పొరపాటున మరిచిపోయి, వేరే అప్పేమీ లేదని రాశారు. కోర్టు అది మోసం కాదు, నిర్లక్ష్యం అంది. కానీ మూడు వేల పైచిలుకు పౌండ్ల సంగతి అప్పీలు కోర్టు దాకా వెళ్లింది, ఇన్నేళ్లయినా ఆ సొలిసిటర్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఇప్పుడు మీ టేబుల్ మీదికి రండి. మీ క్లయింటు డిపాజిట్ కోసం కూకట్‌పల్లిలో అన్నయ్య పేరు మీద నడుస్తున్న చిట్టీ పాడారు. ఇరవై లక్షలు చేతికొచ్చాయి. ఆయన దృష్టిలో అవి పొదుపు చేసుకున్న డబ్బులు. కానీ ఎత్తిన చిట్టీకి ఇంకా ఇరవై నెలల వాయిదాలు కట్టాల్సి ఉంటే, బ్యాంకు దృష్టిలో అది అప్పు. ఊళ్లో బంగారం కుదువబెట్టి తెచ్చినదీ అంతే. "మా వాళ్లింట్లోదే కదండీ, బ్యాంకుకెందుకు?" అంటారు. అక్కడ మీరు మొహమాటపడితే మోథ్యూ గారి కుర్చీలో కూర్చున్నట్టే.

మన క్లయింట్లతో ఇంకో చిక్కు నాన్నగారి ప్లాటు. మియాపూర్‌లో ప్లాటు అమ్మి కొడుక్కి పంపుతారు. పంపడానికి అడ్డేమీ లేదు. భారతదేశంలో నివసించే ఒక్కో వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు రిజర్వ్ బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద పంపవచ్చు. చిక్కు సేల్ డీడ్‌లో ఉంది. అందులో రాసిన ధర 60 లక్షలు, నాన్నగారు పంపినది కోటి. మిగతా నలభై ఎక్కణ్నుంచి వచ్చాయంటే ఇంట్లో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరూ రాయలేరు. ఆ నలభై మీ క్లయింట్ అకౌంట్‌లోకి రానివ్వకండి. మనీ లాండరింగ్ నిబంధనల కింద మీ లైసెన్సుకే ముప్పు, ప్యానెల్ సంగతి తర్వాత. సేల్ డీడ్‌లో ఉన్న అరవైకి మాత్రం డీడ్ కాపీ, కొన్నవారి నుంచి నాన్నగారి ఖాతాలో జమ అయిన స్టేట్‌మెంట్, అక్కణ్నుంచి ఇక్కడికి పంపిన ఫారం, అన్నీ వరసగా ఫైలులో పెట్టండి. క్లయింటు తానే ఎన్‌ఆర్‌ఐగా ఆస్తి అమ్మి ఉంటే డబ్బు ముందు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. అక్కణ్నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కూడా ఫైలుకు జత చేయండి.

అంతటితో అయిపోలేదు. డబ్బు శుభ్రమైనదే అయినా, డిపాజిట్‌లో నాన్నగారి వాటా ఉందని బ్యాంకుకు తెలియాలి. ఇది బహుమతి, తిరిగి ఇవ్వక్కర్లేదు, ఇంటి మీద నాకు హక్కు లేదు అని ఆయన సంతకం చేసిన లెటర్ కావాలి. నలుగురు బంధువుల ఖాతాల నుంచి కొంచెం కొంచెంగా వస్తే నలుగురివీ చూడాలి, నాలుగూ చెప్పాలి. అమ్మానాన్నలు ఆ ఇంట్లోనే స్థిరంగా ఉండబోతుంటే, 17 ఏళ్లు నిండిన ఇతర నివాసుల కింద వాళ్లను కూడా అడిగి, బ్యాంకు కోరినట్టు సంతకాలు తీసుకోవాలి. ఆరు నెలల విజిట్ మీద వచ్చి వెళ్లేవాళ్ల సంగతి వేరు.

చెప్పొద్దని క్లయింటు పట్టుబడితే? మీరు ఆయన రహస్యం బయటపెట్టకూడదు, బ్యాంకు దగ్గర దాచనూకూడదు. హ్యాండ్‌బుక్ దీనికి దారి చూపింది. బ్యాంకు కాగితాలు తిరిగి పంపేసి, ఇద్దరి ప్రయోజనాల మధ్య వైరుధ్యం వచ్చింది కాబట్టి తప్పుకుంటున్నామని మాత్రం రాయండి. వివరం రాయక్కర్లేదు. ఈ ఒక్క పేరా ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ టైపు చేసి, ఫైలు తెరిచిన రోజే క్లయింటు చేతికి ఇవ్వండి. ముందే చెప్పినది నియమం అనుకుంటారు, మధ్యలో చెబితే మనసు విరిగిందనుకుంటారు.

బ్యాంకుకు తప్పకుండా చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. అమ్మే వ్యక్తి పేరు మీద ఇల్లు రిజిస్టర్ అయి ఆరు నెలలు నిండకపోవడం, ధర తగ్గించడం, కొత్త ఇళ్లకు బిల్డరు ఇచ్చే క్యాష్‌బ్యాకు, కొనేవారు డబ్బు మీ ద్వారా కాకుండా నేరుగా అమ్మేవారికి ఇవ్వడం. ఆరేళ్ల అనుభవం ఉన్న మీకు ఇవి కొత్త కాదు గనక ఇక్కడితో వదిలేస్తాను.

కొనుగోలు పూర్తయ్యే రోజు డబ్బు పంపడం గురించి మాత్రం ఒక కేసు చెప్పి తీరాలి. ఏఐబీ గ్రూప్ వర్సెస్ మార్క్ రెడ్లర్, సుప్రీంకోర్టు తీర్పు 2014లో వచ్చింది. ఏఐబీ బ్యాంకు 33 లక్షల పౌండ్ల లోన్ ఇచ్చింది. ఆ ఇంటి మీద బార్‌క్లేస్ బ్యాంకుకు ముందునుంచే ఉన్న తాకట్టును మొదట పూర్తిగా తీర్చి, కొత్త బ్యాంకుకు మొదటి హక్కు రాయించాలి. బార్‌క్లేస్ దగ్గర బాకీ రెండు ఖాతాల్లో ఉంది, మొత్తం సుమారు 15 లక్షలు. సొలిసిటర్లు ఒక ఖాతా మాత్రమే తీర్చి, మిగతాది రుణగ్రహీతలకు పంపేశారు. సుమారు 3 లక్షల బాకీ మిగిలిపోయింది, బార్‌క్లేస్ తాకట్టు అలాగే ఉండిపోయింది. తర్వాత ఇల్లు 12 లక్షలకే అమ్ముడుపోయింది. బ్యాంకు సొలిసిటర్ల నుంచి దాదాపు 25 లక్షలు అడిగింది. కోర్టు ఆ తప్పు వల్ల నిజంగా పోయిన 2,73,777 పౌండ్లకే పరిమితం చేసింది. అదృష్టవంతులే అనుకోండి, కానీ ఏళ్ల తరబడి కోర్టుల నీడలో బతకాల్సి వచ్చింది. అందుకే రిడెంప్షన్ స్టేట్‌మెంట్ (పాత లోన్ తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) వచ్చినప్పుడు "ఈ తాకట్టు కింద ఇంకే ఖాతా అయినా ఉందా, ఈ మొత్తం చెల్లిస్తే తాకట్టు విడుదల అవుతుందా" అని రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైలులో పెట్టాకే డబ్బు కదపండి. మీ ఇద్దరిలో ఒకరు చెల్లింపు తయారు చేస్తే, ఇంకొకరు ఆ స్టేట్‌మెంట్ చేతిలో పట్టుకుని చూసి ఆమోదించాలి.

తాళాలు ఇచ్చాక క్లయింటు మిఠాయి పెట్టె తెస్తారు, మనం ఫైలు పక్కన పడేస్తాం. చిన్న ఆఫీసులు ప్యానెల్ పోగొట్టుకునేది చాలాసార్లు ఇక్కడే. స్టాంప్ డ్యూటీ రిటర్న్‌కు గడువు 14 రోజులు. అది వేశాక వచ్చే సర్టిఫికెట్ లేకుండా ల్యాండ్ రిజిస్ట్రీ దరఖాస్తు తీసుకోదు. మీరు రిజిస్ట్రీలో తీసిన సెర్చి (రికార్డుల తనిఖీ) ఇచ్చే రక్షణ 30 పనిదినాలు. ఈలోపు దరఖాస్తు చేరకపోతే మధ్యలో ఇంకెవరి తాకట్టయినా ముందుకు దూరవచ్చు. దరఖాస్తు పెట్టాక రిజిస్ట్రీ ఏదైనా ప్రశ్న వేసి, గడువులోగా జవాబు లేకపోతే దాన్ని రద్దు చేసేస్తుంది, ప్రాధాన్యం పోతుంది. లీజ్‌హోల్డ్ (దీర్ఘకాల లీజు మీద కొనే) ఫ్లాట్లలో మేనేజ్‌మెంట్ కంపెనీ సర్టిఫికెట్ రాక ఇలా ఆగిపోయే ఫైళ్లు బోలెడు. ప్రతి సోమవారం పొద్దున్న పూర్తయిన ఫైళ్ల జాబితా ఒక్కటే ముందు పెట్టుకోండి. పూర్తయిన తేదీ, స్టాంప్ డ్యూటీ తేదీ, సెర్చి గడువు, రిజిస్ట్రీ ప్రశ్న, దాని గడువు. కొత్త ఫైళ్లు ఎన్ని ఉన్నా ఇది అయ్యాకే ముట్టుకోండి. బ్యాంకు కంప్యూటరులో మీ పేరు పక్కన కనిపించేది, ఇచ్చిన లోన్లలో ఎన్నింటికి తాకట్టు ఇంకా రిజిస్టర్ కాలేదన్న లెక్కే.

క్లయింట్ అకౌంట్ లెక్కల సరిపోలిక కనీసం ఐదు వారాలకోసారి చేయాలని ఎస్‌ఆర్‌ఏ నియమం. మీరు నెలకోసారి చేయండి, మీరిద్దరూ సంతకం పెట్టండి. ఆఫీసు చిరునామా, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్ కంపెనీ, మేనేజర్లు, వీటిలో ఏది మారినా బ్యాంకులకు వెంటనే తెలియజేయండి. ముఖ్యంగా ఖాతా నంబరు మార్పు. మోసగాళ్లు వాడే ఎత్తు కూడా అదే గనక, చెప్పకుండా మారిస్తే లోన్ డబ్బు ఆగిపోతుంది, అదీ పూర్తయ్యే రోజున.

ఇప్పుడు ఆ తీసేస్తామన్న ఉత్తరం. గడువు ఇచ్చి ఉంటే ఈ వారమే జవాబు రాయండి. ప్రాధేయపడక్కర్లేదు. సంస్థ ఎప్పుడు మొదలైంది, ఇతర బ్యాంకుల లోన్లు ఎన్ని పూర్తి చేశారు, తాకట్ల రిజిస్ట్రేషన్ పెండింగు ఎంత, సీక్యూఎస్ దరఖాస్తు ఏ దశలో ఉంది, రెండు పేరాల్లో రాసి పునఃపరిశీలన కోరండి. చట్టప్రకారం అప్పీలు హక్కంటూ ఏమీ లేదు, అది వాళ్ల ఇష్టం. అయినా చాలా బ్యాంకుల్లో వినే మనిషి ఒకరుంటారు. పేరు నిలబెట్టుకోవడానికి క్లయింట్లతో "లోన్ ఆ బ్యాంకులోనే తీసుకోండి" అని మాత్రం అనకండి. మార్ట్‌గేజ్ సలహా ఇవ్వడం ఆర్థిక సేవలను నియంత్రించే ఎఫ్‌సీఏ కిందికి వస్తుంది, మనకు ఆ అనుమతి లేదు. మీరు ఏ ప్యానెళ్లలో ఉన్నారో మీ దగ్గరికి క్లయింట్లను పంపే బ్రోకర్లకు ప్రతి మూడు నెలలకూ ఒక జాబితా పంపండి, అంతవరకు సబబే. ఆ బ్యాంకు పోతే పోనివ్వండి. మీ క్లయింట్లు తీసుకోని లోన్ల బ్యాంకు ప్యానెల్‌లో ఉండి మీరు చేసేది లేదు.

చివరగా మీ పార్ట్‌నర్ సెలవు. సెలవులో ఉన్నా ఆమె డైరెక్టరే, ఆమె ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ఇద్దరు మేనేజర్లు ఉండాలన్న షరతు కాగితం మీద చెడదు. ఖర్చు కలిసొస్తుందని ఈ ఏడాది ఆమె డైరెక్టరుగా తప్పుకోవడం, సర్టిఫికెట్ రెన్యూ చేయకపోవడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు. ఆమె తప్పుకున్న మర్నాడు మీరు చాలా బ్యాంకుల లెక్కలో ఒంటరి సొలిసిటర్ అయిపోతారు. కాగితం సంగతి అలా ఉంచితే, చెల్లింపులు చూసే రెండో జత కళ్లు నిజంగానే ఉండవు. ఇప్పటినుంచే కన్వేయన్సింగ్ తెలిసిన లోకమ్ (తాత్కాలికంగా పనిచేసే) సొలిసిటర్‌ని వారానికి రెండు రోజులకైనా మాట్లాడుకోండి. కొనుగోళ్లు పూర్తయ్యే తేదీలు ఆ రెండు రోజుల్లోనే పెట్టుకోండి. ఆ లోకమ్ పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పనులకు బాధ్యులు అన్నది సీక్యూఎస్ దరఖాస్తులో కూడా రాయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఒక ఈమెయిల్ పెట్టండి. మీ పార్ట్‌నర్ సెలవు మీద వెళ్లేముందే తన దగ్గరున్న పూర్తయిన ఫైళ్లన్నిటి రిజిస్ట్రేషన్ గడువులు మీ సోమవారం జాబితాలోకి ఎక్కించి వెళ్లమనండి.